బీఎఫ్‌డీ తప్పుడు డౌన్‌లు: లింకు ఆలస్యమా, డీమన్ ఆలస్యమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండ రూటర్ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి ఫైబర్ ఉంది, ములుగు వైపు నుంచి బ్యాకప్‌గా రేడియో లింకు ఉంది. రెండు చివర్లా లినక్స్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ (రూటింగ్ సాఫ్ట్‌వేర్), అందులో దారులు లెక్కవేసే ఓఎస్‌పీఎఫ్, దానికి తోడు బీఎఫ్‌డీ నడుస్తున్నాయి. బీఎఫ్‌డీ అంటే రెండు రూటర్లు చిన్న ప్యాకెట్లు పంపుకుంటూ, అవి ఆగితే లింకు పోయిందని వెంటనే చెప్పే ప్రోటోకాల్; ఆ రెండింటి మధ్య సంబంధమే సెషన్. ఆ ప్యాకెట్ల మధ్య ఇంటర్వెల్‌ను 300 మిల్లీసెకన్ల నుంచి 50కి తగ్గించాక, లింకు బాగానే ఉన్నా రాత్రిళ్లు సెషన్ డౌన్ అవుతోంది. బీఎఫ్‌డీని నడిపే డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) కోడ్‌లోనే చేయి పెట్టి దీన్ని సరిచేయాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో అడిగారు.

ముందుగా ఇంటర్వెల్‌ను రెండు వైపులా మళ్లీ 300కి పెట్టండి, కస్టమర్లకు ఇబ్బంది ఆగుతుంది. ఆ తర్వాత, కోడ్ ముట్టుకునే ముందు, ఒక్క విషయం తేల్చుకోండి: ప్యాకెట్ నిజంగానే రాలేదా, లేక వచ్చి కెర్నల్ క్యూలో కూర్చున్నా మన డీమన్ దాన్ని సమయానికి తీయలేదా? మామూలు సీపీయూ మీద నడిచే బీఎఫ్‌డీలో తప్పుడు డౌన్‌లు ఎక్కువగా రెండో రకమే. మీది 50 ఇంటూ 3 (వరుసగా ఎన్ని ప్యాకెట్లు రాకపోతే డౌన్ అనాలో చెప్పే మల్టిప్లయర్ ఇది), అంటే గడువు 150 మిల్లీసెకన్లు. డీమన్ ఒక్కసారి అంతసేపు ఆగిపోతే చాలు, సెషన్ పడిపోతుంది. దూరాన్ని అనుమానించకండి. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, 80 కిలోమీటర్లయినా ఒకవైపు 0.4 మిల్లీసెకను దాటదు.

బీఎఫ్‌డీని తీసేసి ఓఎస్‌పీఎఫ్ హలోల (దాని సొంత పలకరింపు ప్యాకెట్ల) మీదే నడిపిద్దాం అని మీ దగ్గర ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను రాగి తీగకు మార్చే పెట్టె) ఉన్న చోట రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్ తెంపినా, కన్వర్టర్‌కూ రూటర్‌కూ మధ్య ఉన్న రాగి తీగ పోర్టు అప్‌లోనే ఉంటుంది. రేడియోదీ అదే తీరు. ఓఎస్‌పీఎఫ్ డెడ్ టైమర్ మామూలుగా 40 సెకన్లు. అంతసేపు ట్రాఫిక్ అంతా తెగిన ఫైబర్ లోకే పోతూ ఉంటుంది.

ఇక లెక్క. చాలామంది ఇక్కడే తడబడతారు. మన వైపు డిటెక్షన్ టైమ్ (డౌన్ అనే ముందు ఆగే గడువు) అంటే అవతలి వాళ్ల మల్టిప్లయర్ ఇంటూ, మన రిసీవ్ ఇంటర్వెల్, వాళ్ల ట్రాన్స్‌మిట్ ఇంటర్వెల్ రెండింట్లో పెద్దది. హనుమకొండలో రిసీవ్ 300, భూపాలపల్లిలో ట్రాన్స్‌మిట్ 50, మల్టిప్లయర్ 3 ఉంటే హనుమకొండ డిటెక్షన్ టైమ్ 900 మిల్లీసెకన్లే. ఒకవైపే తగ్గిస్తే ఏమీ మారదు. మన మల్టిప్లయర్ పెంచితే ఓపిక పెరిగేది అవతలి వాళ్లకు, మనకు కాదు. పైగా ప్రతి ఇంటర్వెల్ నుంచి 0 నుంచి 25 శాతం దాకా యాదృచ్ఛికంగా కోయాలని బీఎఫ్‌డీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5880 చెబుతుంది. కాబట్టి 100 అని పెట్టినా ప్యాకెట్లు 75 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య వస్తాయి. ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌లో ఆ ఎగుడుదిగుడు చూసి లింకు బాగాలేదనుకోవద్దు.

తప్పు ఎవరిదో తేల్చడానికి రెండు చివర్లా డయాగ్నస్టిక్ కోడ్ చూడండి. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో 'షో బీఎఫ్‌డీ పీర్స్' ఇస్తే మన కోడూ, అవతలి వాళ్ల కోడూ రెండూ కనిపిస్తాయి. కోడ్ 1 అంటే 'నాకు ప్యాకెట్లు రాక సమయం అయిపోయింది'. కోడ్ 3 అంటే 'పొరుగు రూటర్ డౌన్ అని చెప్పింది కాబట్టి నేనూ పడిపోయాను'. ప్రతిసారీ భూపాలపల్లిలో 1, హనుమకొండలో 3 వస్తుంటే హనుమకొండ పంపడంలో తేడా ఉంది, లేదా ఆ దిశలో దారి బాగాలేదు. రెండు చివర్లా 1 వస్తే రెండు దిశల్లోనూ నిజంగా తెగి ఉండొచ్చు. ఒక రాత్రి డౌన్‌లన్నీ ఈ విధంగా రాసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు డీమన్ లోపల ఏం జరుగుతుందో ఒక డౌన్‌ను మిల్లీసెకన్లలో విప్పి చూద్దాం. ఇంటర్వెల్ 100, మల్టిప్లయర్ 3, డిటెక్షన్ 300 అనుకోండి. సున్నా దగ్గర చివరి ప్యాకెట్ చదివాం. 10 దగ్గర మన ప్యాకెట్ ఒకటి పంపాం. 20 దగ్గర డీమన్ ఒక లాగ్ లైను రాయబోయింది. అదే సమయంలో డిస్క్ మీద లాగ్ రొటేషన్ నడుస్తోంది, ఆ రైట్ 340 దాకా తిరిగి రాలేదు. ఈలోగా అవతలి ప్యాకెట్లు 90, 175, 262 దగ్గర చక్కగా వచ్చి సాకెట్‌లో (కెర్నల్ క్యూలో) చేరాయి. 340 దగ్గర లూప్ (డీమన్ పనులను ఒక్కొక్కటిగా నడిపే చక్రం) మేలుకుంది. అది ముందు టైమర్లు చూసే రకమైతే, 300కి గడువు తీరిన టైమర్ కనబడగానే కోడ్ 1తో సెషన్‌ను పడేస్తుంది. మూడు మంచి ప్యాకెట్లు క్యూలో ఉండగానే! లింకులో ఏ లోపమూ లేదు.

కాబట్టి మొదటి మార్పు ఇదే: డిటెక్షన్ టైమర్ మోగిన వెంటనే డౌన్ అనకండి. ముందు రిసీవ్ సాకెట్‌ను ఖాళీ చేయండి, ప్రతి ప్యాకెట్‌నూ మామూలుగా ప్రాసెస్ చేయండి, ఆ తర్వాత మళ్లీ గడువు చూడండి. 'రిసీవ్ ఎమ్ మెసేజ్' సిస్టమ్ కాల్‌తో ఒక్కో దఫా 64 చొప్పున తీస్తే సరిపోతుంది. కొత్తవి వస్తూనే ఉంటే అక్కడే ఇరుక్కుపోకుండా దఫాలకు ఒక హద్దు పెట్టండి.

ఖాళీ చేయడంతోనే పని పూర్తి కాదు. 262 దగ్గర వచ్చిన ప్యాకెట్‌ను 340 దగ్గర చదివి, కొత్త గడువు 640 అని లెక్కవేస్తే తప్పు. సరైన గడువు 562. లింకు 263 దగ్గర నిజంగా తెగి ఉంటే మీరు 78 మిల్లీసెకన్లు ఊరికే పోగొట్టుకుంటారు. అందుకు కెర్నల్ టైమ్‌స్టాంప్ కావాలి. సాకెట్ మీద 'ఎస్ఓ టైమ్‌స్టాంప్ ఎన్ఎస్' ఆప్షన్ పెడితే ప్రతి ప్యాకెట్‌తో పాటు అది వచ్చిన సమయం అందుతుంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఆ స్టాంప్ గోడ గడియారం సమయంలో వస్తుంది, మోనోటోనిక్ (ఎవరూ జరపలేని, ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారంలో కాదు. మీ టైమర్లు మోనోటోనిక్‌లో ఉంటాయి, ఉండాలి కూడా. నేరుగా ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే చెత్త అంకెలు వస్తాయి. చదివే క్షణంలో రెండు గడియారాలూ తీసుకోండి. గోడ గడియారం నుంచి స్టాంప్ తీసేస్తే ప్యాకెట్ వయసు వస్తుంది, ఆ వయసును మోనోటోనిక్ సమయం లోంచి తీసేయండి. వయసు మైనస్‌లో వచ్చినా, కొన్ని సెకన్లు దాటినా మధ్యలో ఎవరో గడియారం జరిపారన్నమాట. అప్పుడు స్టాంప్‌ను వదిలేసి 'ఇప్పుడే వచ్చింది' అనుకోవడమే క్షేమం.

గడియారం మాట వచ్చింది కాబట్టి, పాత కోడ్‌లో ఎక్కడైనా గోడ గడియారం చదివే 'గెట్‌టైమ్‌ఆఫ్‌డే'తో టైమర్లు లెక్కిస్తున్నారేమో వెతకండి. గడియారాన్ని నడిపే ఆర్‌టీసీ బ్యాటరీ లేని చిన్న బోర్డుల్లో కరెంటు పోయి వచ్చాక ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సమయం సరిచేసే సేవ) గడియారాన్ని ఒక్కసారిగా ముందుకు దూకిస్తుంది. ఆ క్షణంలో అన్ని సెషన్లూ కలిసి పడిపోతాయి. ఎండాకాలంలో కరెంటు కోతల తర్వాత అన్ని పీర్లూ ఒకే సెకనులో డౌన్ అయినట్టు లాగ్‌లో కనబడితే ఫైబర్ టీమ్‌ను పంపే ముందు ఇది చూడండి.

మళ్లీ పై ఉదాహరణకు వద్దాం. క్యూ ఖాళీ చేసి మన వైపు సెషన్‌ను కాపాడుకున్నాం. కానీ 10 దగ్గర పంపాక మళ్లీ 340 దగ్గరే పంపగలిగాం. మధ్యలో 330 మిల్లీసెకన్ల ఖాళీ. అవతలి డిటెక్షన్ 300. వాళ్లు మనల్ని డౌన్ అంటారు, మనకు కోడ్ 3 వస్తుంది. అంటే మొదటి మార్పు సగం రోగానికే మందు. రెండో సగానికి పంపే పని ఆగకూడదు.

అసలు మెరుగుదల ఇక్కడే ఉంది. ఎఫ్‌ఆర్‌ఆర్ 2017లో క్వాగా అనే పాత రూటింగ్ ప్రాజెక్టు నుంచి విడిపోయింది. దానితో పాటే ఒక డీమన్, ఒక ఈవెంట్ లూప్ అనే పద్ధతీ వచ్చింది. సెకన్ల లెక్కలో నడిచే ప్రోటోకాల్స్‌కు అది చక్కగా సరిపోతుంది. బీఎఫ్‌డీలో మాత్రం కాన్ఫిగ్ చదవడం, షో కమాండ్‌కు జవాబివ్వడం, రూట్లను కెర్నల్‌కు అందించే జీబ్రా డీమన్‌తో మాట్లాడటం, లాగ్ రాయడం, ప్యాకెట్ పంపడం అన్నీ ఒకే వరుసలో నిలబడితే ఏదో ఒకటి మిగతావాటిని ఆపుతుంది. బర్డ్ అనే మరో రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బీఎఫ్‌డీని వేరే థ్రెడ్‌లో (పక్కనే విడిగా నడిచే పనివరుసలో) నడిపేది ఇందుకే.

మీరూ విడదీయండి. వేగపు థ్రెడ్‌లో ఉండాల్సినవి: ప్యాకెట్ చదవడం, స్టేట్ మెషీన్ (అప్, డౌన్ నిర్ణయించే భాగం), డిటెక్షన్ టైమర్, పంపే టైమర్. అంతే. మిగతావన్నీ నెమ్మది థ్రెడ్‌లో. పంపడం ఒక్కటే వేగపు థ్రెడ్‌లో పెట్టి స్టేట్ మెషీన్‌ను పాత చోటే వదిలేయాలని అనిపిస్తుంది, పని తక్కువ కాబట్టి. వద్దు. అప్పుడు లింకు పోయినా పాత 'అప్' ప్యాకెట్‌నే పంపుతూ పోయే ప్రమాదం ఉంది. రెండు థ్రెడ్ల మధ్య లాక్ వద్దు. ఒకరు రాసేది, ఒకరు చదివేది అయిన రింగ్ బఫర్ (గుండ్రంగా తిరిగే క్యూ), అవతలి థ్రెడ్‌ను లేపడానికి ఒక ఈవెంట్ ఎఫ్‌డీ చాలు. వేగపు థ్రెడ్ ఎప్పుడూ డిస్క్‌కు గానీ సిస్టమ్ లాగ్ సేవ అయిన సిస్‌లాగ్‌కు గానీ నేరుగా రాయకూడదు. సిస్‌లాగ్ సాకెట్ నిండితే రాసేవాడు ఆగిపోతాడు. లాగ్ సందేశాన్ని రింగ్‌లో వేయాలి, రింగ్ నిండితే సందేశాన్ని వదిలేసి ఎన్ని వదిలామో లెక్క పెట్టుకోవాలి.

విడదీశాక ఒక కాపలా తప్పనిసరి. నెమ్మది థ్రెడ్ పూర్తిగా బిగుసుకుపోయినా వేగపు థ్రెడ్ హాయిగా 'అప్' అంటూ ఉంటుంది. అప్పుడు అవతల లింకు పడినా మన ఓఎస్‌పీఎఫ్‌కు కబురు అందదు. నెమ్మది థ్రెడ్ తన లూప్ తిరిగిన ప్రతిసారీ ఒక అంకె పెంచాలి. లూప్‌కు వేరే పని లేకపోయినా 500 మిల్లీసెకన్లకోసారి మేలుకునేలా టైమర్ పెట్టండి. వేగపు థ్రెడ్ ఆ అంకెను గమనించి, 2 లేదా 3 సెకన్లు కదలకపోతే పంపడం ఆపేయాలి.

చిన్న విషయాలు కొన్ని. మొదలవగానే 'ఎమ్‌లాక్ ఆల్'తో మెమరీని బిగించండి, లేదంటే డిస్క్ మీది స్వాప్ లోంచి ఒక పేజీ తెచ్చుకునేసరికి గడువు దాటుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ డిటెక్షన్ టైమర్‌ను తీసి మళ్లీ పెట్టకండి. చివరి ప్యాకెట్ సమయం మాత్రం రాసుకోండి, టైమర్ మోగినప్పుడు ఇంకా గడువు మిగిలి ఉంటే ఆ మిగిలిన సమయానికి మళ్లీ పెట్టండి. 200 సెషన్లు 100 మిల్లీసెకన్ల మీద ఉంటే సెకనుకు 2000కు పైగా ప్యాకెట్లు వస్తాయి, అన్నిసార్లు టైమర్ మార్చే పని ఆదా అవుతుంది. పంపే టైమర్‌ను 'ఇప్పటి నుంచి 100' అని కాకుండా 'పాత గడువు నుంచి ఇంత' అని లెక్కవేయండి, జిట్టర్ (పైన చెప్పిన యాదృచ్ఛిక కోత) తీసేశాకే. లేకపోతే ప్రతిసారీ కాస్త కాస్త జారుతుంది. బాగా వెనకబడితే మాత్రం మిస్సయినవన్నీ వరుసగా కుమ్మరించకుండా ఒక్కటి పంపి ముందుకు పోవాలి.

షెడ్యూలింగ్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఫిఫో రియల్‌టైమ్ ప్రాధాన్యం (మామూలు పనుల కంటే ముందు సీపీయూ ఇప్పించేది) పనిచేస్తుంది, కానీ లాగ్ రైట్ మీద ఆగిపోయిన డీమన్‌కు అది ఏమీ చేయలేదు. అందుకే థ్రెడ్లు విడదీశాకే దీని సంగతి. విలువ 20 చాలు. లినక్స్‌లో ఇంటరప్ట్ థ్రెడ్లు 50 మీద ఉంటాయి, వాటిని దాటితే ప్యాకెట్ తెచ్చే వాళ్లనే మీరు ఆపుతారు. కెర్నల్ రియల్‌టైమ్ పనులకు మామూలుగా సెకనులో 0.95 సెకన్లే ఇస్తుంది, అది మంచి రక్షణ, దాన్ని తీసేయకండి. నడుస్తున్న డీమన్‌కు చేత్తో ఇచ్చిన ప్రాధాన్యం, ఎఫ్‌ఆర్‌ఆర్ కాపలా ప్రోగ్రామ్ వాచ్ఎఫ్‌ఆర్‌ఆర్ దాన్ని రీస్టార్ట్ చేయగానే పోతుంది. అందుకే మీ కోడ్‌లోనే వేగపు థ్రెడ్ పుట్టేటప్పుడు పెట్టండి. వర్చువల్ మెషీన్ అయితే ఇవన్నీ లోపల చేసినా హోస్ట్ సీపీయూ ఇవ్వకపోతే లాభం లేదు. టాప్ కమాండ్‌లో స్టీల్ శాతం (హోస్ట్ మనకు ఇవ్వని సీపీయూ సమయం) చూడండి. అక్కడ 300 ఇంటూ 3 కంటే కిందికి దిగొద్దు.

ప్రోటోకాల్ వైపు రెండు చోట్ల కోడ్‌ను జాగ్రత్తగా చదవండి. ఒకటి పోల్ సీక్వెన్స్, అంటే మారిన ఇంటర్వెల్ అవతలి వాళ్లకు అందిందని ఫైనల్ బిట్‌తో తెలుసుకునే పద్ధతి. సెషన్ అప్‌లో ఉండగా ట్రాన్స్‌మిట్ ఇంటర్వెల్ పెంచితే, అవతలి నుంచి ఫైనల్ బిట్ వచ్చే దాకా పాత వేగంతోనే పంపాలి. రిసీవ్ ఇంటర్వెల్ తగ్గిస్తే, అప్పటిదాకా పాత విలువతోనే డిటెక్షన్ లెక్కవేయాలి. ఈ నియమం పాటించని డీమన్‌లో కాన్ఫిగ్ మార్చినప్పుడల్లా సెషన్ ఒకసారి పడి లేస్తుంది. రెండోది డీమన్‌ను ఆపే పద్ధతి. అప్‌గ్రేడ్ కోసం ఆపేటప్పుడు చడీచప్పుడు లేకుండా చావకుండా అడ్మిన్‌డౌన్ (కావాలనే ఆపాం అని చెప్పే) స్టేట్‌ను కోడ్ 7తో కనీసం ఒక డిటెక్షన్ టైమ్ పాటు పంపాలి. అప్పుడు అవతలి ఓఎస్‌పీఎఫ్ దాన్ని లింకు తెగినట్టు లెక్కవేయదు.

ఎకో మోడ్ (మనం పంపిన ప్యాకెట్‌ను అవతలి రూటర్ మనకే తిప్పి పంపే పద్ధతి) గురించి ఆశ పెట్టుకోకండి. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో డేటాప్లేన్‌కు (ప్యాకెట్లను నేరుగా దాటించే భాగానికి) పని అప్పగించకపోతే ఎకో పనిచేయాలంటే అవతలా ఎఫ్‌ఆర్‌ఆరే ఉండాలి. పైగా పంపేదీ, తిరిగొచ్చినదాన్ని చూసేదీ అదే డీమన్ కాబట్టి పై సమస్యలన్నీ దానికీ ఉంటాయి.

రేడియో లింకు కథ వేరు. అక్కడ రాత్రి 8 నుంచి 11 మధ్యే డౌన్‌లు వస్తున్నాయా చూడండి, ముఖ్యంగా ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజుల్లో. ట్రాఫిక్ గ్రాఫ్ పైకప్పుకు తాకిన సమయానికే డౌన్ వస్తుంటే రేడియో క్యూలో బీఎఫ్‌డీ ప్యాకెట్ వీడియో వెనక నిలబడిందన్నమాట. ప్యాకెట్ మీద డీఎస్‌సీపీ (ప్రాధాన్యం చెప్పే గుర్తు) విలువ 48 ఉందో లేదో టీసీపీడంప్‌లో చూడండి. టైప్ ఆఫ్ సర్వీస్ బైటు హెక్సాలో సీ0 అని కనబడాలి. తర్వాత రేడియో సెట్టింగుల్లో ఆ విలువను వాయిస్ క్యూలో వేస్తున్నారా, మధ్యలో ఏ స్విచ్ అయినా దాన్ని సున్నా చేస్తోందా చూడండి. డీమన్‌ను ఎంత బాగుచేసినా ఈ క్యూ సమస్య తీరదు. రేడియో మీద 300 ఇంటూ 5 పెట్టండి, ఒకటిన్నర సెకను. బ్యాకప్ లింకుకు అది చాలు.

డౌన్ తెలిసిన తర్వాత ఏమవుతుందో కూడా కొలవండి. ఎఫ్‌ఆర్‌ఆర్ ఓఎస్‌పీఎఫ్‌లో ఎస్‌పీఎఫ్ (దగ్గరి దారి) లెక్కకు మామూలు హోల్డ్ సమయం 50 మిల్లీసెకన్లతో మొదలై, మార్పులు వరుసగా వస్తుంటే 5 సెకన్ల దాకా పెరుగుతుంది. అంటే సెషన్ పడుతూ లేస్తూ ఉంటే, బీఎఫ్‌డీ 150 మిల్లీసెకన్లలో కనిపెట్టినా దారి మారడానికి సెకన్లు పట్టొచ్చు. మీరు 50కి తగ్గించి పొందిన వేగాన్ని తప్పుడు డౌన్‌లు ఇలా మింగేస్తున్నాయి. డౌన్‌ను వెంటనే చెప్పి, అప్‌ను ఆలస్యంగా చెప్పే డ్యాంపింగ్ పెట్టాలనుకుంటే మంచిదే. మొదట 2 సెకన్లు, పడిన ప్రతిసారీ రెట్టింపు, 60 దాటకుండా. ఒక్క మాట: స్ట్రిక్ట్ మోడ్ లేని ఓఎస్‌పీఎఫ్ బీఎఫ్‌డీ అప్ కోసం ఆగదు, హలోలు అందగానే పొరుగుతో మళ్లీ కలిసిపోతుంది. ఆ మోడ్‌ను ఆర్‌ఎఫ్‌సీ 9355 నిర్వచించింది. అది లేకుండా డ్యాంపింగ్ ఒక్కటే ఆపలేదు.

పరీక్షలు లైవ్ లింకు మీద వద్దు. ఒకే మెషీన్‌లో రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (విడివిడి నెట్‌వర్క్‌లు), మధ్యలో వాటిని కలిపే తీగలాంటి ఒక వీ ఈథ్ జత, రెండు వైపులా డీమన్. ఇంటర్వెల్ 100 ఇంటూ 3 పెట్టి, ఒక డీమన్‌కు స్టాప్ సిగ్నల్ ఇచ్చి 180 మిల్లీసెకన్ల తర్వాత కంటిన్యూ ఇవ్వండి. పంపే ఖాళీ ఎక్కువలో ఎక్కువ 280, కాబట్టి ఏ వైపూ పడకూడదు. తర్వాత 400 ఇచ్చి చూడండి. ఈసారి సెషన్ పడుతుంది, కానీ ఆపిన డీమన్‌లో కోడ్ 3 కనబడాలి. కోడ్ 1 వచ్చిందంటే క్యూ ఖాళీ చేసే మార్పు సరిగా పడలేదు. థ్రెడ్ విభజనకు వేరే పరీక్ష కావాలి, ఎందుకంటే స్టాప్ సిగ్నల్ అన్ని థ్రెడ్లనూ ఆపుతుంది. నెమ్మది థ్రెడ్‌లో ఒక డీబగ్ కమాండ్ పెట్టి కావాలనే ఒక సెకను నిద్రపుచ్చండి, సెషన్ కదలకూడదు. 5 సెకన్లు నిద్రపుచ్చితే కాపలా పనిచేసి సెషన్ పడాలి. నెట్‌వర్క్ లోపాలను అనుకరించే నెట్ఎమ్‌తో 1 శాతం, 5 శాతం లాస్ పెట్టి గంట చొప్పున వదిలేయండి. చివరగా వీ ఈథ్ మీద ప్యాకెట్లను పూర్తిగా ఆపి, డౌన్ ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూడండి. 300 దాటి 20, 30 కంటే ఎక్కువైతే టైమర్ ఎక్కడో జారుతోంది.

డీమన్‌లో ఎప్పటికీ ఉంచాల్సిన కౌంటర్లు మూడు: లూప్ ఎంత ఆలస్యంగా మేలుకుందో దాని గరిష్ఠం, క్యూ ఖాళీ చేయడం వల్ల తప్పిన డౌన్‌ల సంఖ్య, రెండు పంపకాల మధ్య వచ్చిన అతి పెద్ద ఖాళీ. వీటిని షో కమాండ్‌లో చూపించండి. 300 మీద నడుస్తుండగా అతి పెద్ద ఖాళీ వారం పాటు 330 దాటకపోతే ఫైబర్ మీద 100 ఇంటూ 3కి దిగండి. 50కి దిగాలంటే ప్యాకెట్ పనిని హార్డ్‌వేర్‌కో డేటాప్లేన్‌కో అప్పగించే ఏర్పాటు ఉండాలి. దానికి ఎఫ్‌ఆర్‌ఆర్‌లో డిస్ట్రిబ్యూటెడ్ బీఎఫ్‌డీ అనే దారి ఇప్పటికే ఉంది. మీ మొదటి ప్యాచ్‌గా టైమర్ ముందు సాకెట్ ఖాళీ చేసే భాగాన్ని, ఆ మూడు కౌంటర్లనూ మాత్రమే పెట్టండి. థ్రెడ్ విభజన పెద్ద పని, ఆ కౌంటర్ల అంకెలు చేతికొచ్చాక మొదలుపెట్టండి.